మాస్టారి పిట్టకి రెక్కలు లేవా?

జాలి ఊళ్ళో వైసన్ నమలొంబ ఇరవై ఆరేళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. జాలి అన్నది ఊరి పేరే, మనమనుకునే జాలికీ ఆ ఊరికీ సంబంధం లేదు. ఆ ఇరవై ఆరేళ్ళలో ఆయన గురించి ఎవరు ఏం చెప్పినా ముందు గొంతు గురించే చెప్పేవారు. ఏడో తరగతి గదిలో ఆయన భిన్నాలు చెబుతుంటే రోడ్డవతల పిండిమర దగ్గర వరస కట్టిన ఆడవాళ్ళకి కూడా భిన్నాలు వచ్చేశాయి. ఆ బడికి గంట లేదు. అవసరం రాలేదు.

యాభై ఒకటో ఏట మెడలో గడ్డ లేచింది. బ్లాంటైర్ పట్నం వెళ్ళి పెద్దాసుపత్రిలో కోయించుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగిందని, గడ్డ మళ్ళీ రాదని డాక్టర్లు చెప్పారు. అది నిజమే, గడ్డ మళ్ళీ రాలేదు. గొంతు కూడా రాలేదు. గొంతుకి పోయే నరం ఒకటి దెబ్బతిన్నదట, అలా ఒక్కోసారి అవుతుందట. మిగిలింది గుసగుస. పక్కన కూర్చున్నవాడికి వినిపిస్తుంది, వాడు దగ్గకుండా ఉంటే.

నూట పదిమంది పిల్లలున్న తరగతిలో గుసగుసతో భిన్నాలు చెప్పడం కుదరదు. విద్యాశాఖ వాళ్ళు ఆయన్ని ఊరి చివర పుస్తకాల గోడౌనుకి వేశారు. మూడో తరగతి లెక్కల పుస్తకాలు నాలుగు వేలు, తెల్ల నోటుపుస్తకాల గుట్టలు, కాళ్ళు విరిగిన బల్లలు, ఎలుకలు, ఒక రిజిస్టరు. అందులో రోజూ జరిగినది రాయాలని నియమం.

ఊళ్ళో వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. దారిలో కనిపిస్తే నమస్కారం పెట్టేవాళ్ళు. ఆయన బదులు చెప్పేవాడు, వాళ్ళకి వినిపించేది కాదు. గోడౌను ఉద్యోగం వచ్చాక మాస్టారికి పొగరు ఎక్కువైందని కొన్నాళ్ళకి అనుకున్నారు. గోడౌను ఉద్యోగానికి పొగరెక్కిన మొదటి మనిషి ఆయనే అయుంటాడు. దాంతో ఆయన పిండిమర ముందునుంచి పోయే దారి మానేసి, పొలాల వెనకనుంచి సైకిల్ మీద పోయి రావడం మొదలుపెట్టాడు. ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా మానేశాడు. పాటలు పాడేటప్పుడు నోరు మెదపడం అబద్ధం చెప్పినట్టుందని భార్యతో అన్నాడు. ఫలేసి అది విని, మరి వంటగదిలో నాతో మాట్లాడడానికేం అడ్డమని అడిగింది. దానికి ఆయన ఏదో అన్నాడు. అది ఆమెకి వినిపించలేదు, అప్పుడు మూకుడులో నూనె చిటపటలాడుతోంది.

ఫలేసి బజారులో మందాసి వేస్తుంది. మందాసి అంటే గోధుమపిండి ఉండలు, తియ్యగా నూనెలో వేయిస్తారు. ఆమె గొంతు కూడా పెద్దదే. పెళ్ళయిన పాతికేళ్ళూ అది ఆయన గొంతు వెనక పడి ఎవరికీ కనిపించలేదంతే.

గోడౌను రిజిస్టరులో వైసన్ మొదటి పంతొమ్మిది రోజులూ ఒకటే మాట రాశాడు: ఏమీ జరగలేదు. ఇరవయ్యో రోజు ఉదయం గోడౌను వెనక మామిడిచెట్టు మీదనుంచి ఒక పుల్ల ఆయన టోపీ మీద పడింది. తలెత్తి చూస్తే కొమ్మల పంగలో మట్టిరంగు పక్షులు రెండు. తల వెనక్కి జుట్టు నిక్కి, ముక్కూ తలా కలిపి చూస్తే అచ్చం సుత్తిలా ఉంటుంది కనక దాన్ని అందరూ సుత్తితల పిట్ట అంటారు. అది మంత్రగాళ్ళ పిట్ట అనీ, దాని గూడు ముట్టుకుంటే పిడుగు పడుతుందనీ కూడా అంటారు. వైసన్ తరగతిలో ఇవన్నీ మూఢనమ్మకాలని పిండిమర దాకా వినిపించేలా చెప్పినవాడే. అయినా చెట్టు కిందనుంచి రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డాడు.

ఆ రోజు రిజిస్టరులో "ఒక పుల్ల పడింది" అని రాశాడు. మర్నాడు: "పుల్లలు మొత్తం నలభై మూడు తెచ్చాయి. ఆరు పడిపోయాయి. పడినవాటిని మళ్ళీ తీసుకోలేదు." ఆ పై వారం నుంచి రోజుకి అరపేజీ. నెలాఖరుకి తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు చదివి, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, ఇది ప్రభుత్వ రిజిస్టరు కదా మాస్టారూ, పిట్టల కోసం సొంత పుస్తకం పెట్టుకోండి అన్నాడు. చుట్టూ గుట్టలుగా తెల్ల నోటుపుస్తకాలు. వైసన్ వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు. సాయంత్రం బజారుకి పోయి ఎనభై పేజీలది ఒకటి కొనుక్కున్నాడు, వెనక అట్టమీద ఎక్కాలుండేది.

ఎందుకు రాస్తున్నాడో ఆయనకీ తెలియదు. ఒకటి మాత్రం గమనించాడు. చెట్టుకింద బోర్లించిన బల్లమీద కూర్చుని రాస్తున్నంతసేపూ మెడమీద చెయ్యి పెట్టుకోవడం లేదు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది. ఇప్పుడు ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో పెన్ను, మూడో చెయ్యి లేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి న్సిమా, అంటే మొక్కజొన్న సంకటి ముద్ద, తింటూ కూడా పైకే చూసేవాడు. కూర ఏమిటో సాయంత్రం ఫలేసి అడిగితే చెప్పలేకపోయేవాడు.

"ఇవాళ రెండింటిలో ఒకటి ప్లాస్టిక్ చెప్పు తెచ్చింది," అని ఒకరోజు రాశాడు. "ఎడమకాలిది. గూటి కప్పుమీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని ముక్కుతో లాగి జానెడు పక్కకి పెట్టింది. నాకు తేడా కనిపించలేదు. దానికి కనిపించింది."

పుస్తకం సగం నిండాక ఒక శుక్రవారం దాన్ని వంటింటి గట్టుమీద పెట్టి మర్చిపోయాడు. శనివారం సంత. ఫలేసికి మందాసి చుట్టడానికి కాగితాలు తక్కువపడ్డాయి. పాత బడిపుస్తకాల కట్టలో దాన్నీ కలిపి పట్టుకుపోయింది. సంత సగం గడిచేసరికి పదకొండు కాగితాలు చిరిగి, నూనె పీల్చి, ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.

సంగతి తెలిసి వైసన్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. గుసగుసతో విరుచుకుపడడం చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది. పొయ్యి ముందు నిలబడి చేతులూపుతూ, మెడ నరాలు ఉబ్బించి, పదకొండు కాగితాలు, పదకొండు కాగితాలు అంటున్నాడు. ఎందుకు గొడవో ఫలేసికి అర్థమయ్యేసరికి ఆయన అలిసిపోయి కూర్చున్నాడు. ఆమెకి నిజంగానే బాధ కలిగింది. కానీ అది పిట్టల లెక్కని తెలిశాక, పెళ్ళాం మొహం పట్టుమని పది నిమిషాలు చూశావా నువ్వు, పిట్టని చూసి నలభై పేజీలు రాశావు అని దెప్పింది.

సోమవారం టైలరు బుకామ్వెండో మందాసి కొనడానికి వచ్చాడు. కొన్నాక కూడా కదల్లేదు.

"వదినా, ఆ పిట్ట కప్పు వేసిందా లేదా?" అన్నాడు.

"ఏ పిట్ట?"

"నువ్వు చుట్టిచ్చిన కాగితంలో పిట్టే. వాన వచ్చేలా ఉంది, కప్పు సగమే అయిందని రాసుంది. తర్వాత కాగితం లేదు. నిన్న మా ఇంట్లో దాని గురించే వాదన. మా ఆవిడ అయ్యుంటుందంటుంది. నేను కాదంటాను."

అదే రోజు ఇంకో ఇద్దరు అడిగారు. ఒకావిడ తన దగ్గరున్న నూనె కాగితం తెచ్చి, దీని ముందుది ఎవరికిచ్చావో చెప్పు, మార్చుకుంటాను అంది. ఫలేసి సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, మిగిలిన పుస్తకం తీసుకుని గుమ్మంలో కూర్చుని మొదటినుంచీ చదివింది. చదివాక భర్త వైపు తిరిగింది. కప్పు పూర్తయిందా అని మాత్రం అడిగింది. గురువారం పూర్తయిందని ఆయన చెప్పాడు. ఆ జవాబు వినడానికి ఆమె ఆయన పక్కకి జరిగి, చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. పొయ్యిమీద బీన్స్ అడుగంటాయి.

నూనె కాగితాల్లో ఒకటి లిగినెట్ చేతికి చేరింది. లిగినెట్ ఊరి రేడియో నడిపే అమ్మాయి. రేడియో అంటే సహకార సంఘం వెనక ఒక గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. ఆమె గోడౌనుకే వచ్చి, శనివారం చావు కబుర్ల తర్వాత పది నిమిషాలు ఖాళీ ఉందనీ, అది ఇన్నాళ్ళూ ఎరువుల ప్రకటనకి ఇచ్చారనీ, ఇప్పుడు ఎరువులవాళ్ళు మానేశారనీ, మాస్టారు తన పుస్తకం చదవాలనీ చెప్పింది. వైసన్ మెడ చూపించాడు. అందుకేగా మైకులు కనిపెట్టింది అంది లిగినెట్.

శనివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఫలేసి తోడు వెళ్ళింది. మైకుముందు కూర్చుని మొదటి పేజీ చదివాడు. అద్దం అవతల మెషీను దగ్గరున్న కుర్రాడు చెవుల తొడుగు తీసి చూసి, మళ్ళీ పెట్టుకుని, లేచొచ్చి మైకుని వేలితో రెండుసార్లు కొట్టి, మైకు బాగానే ఉంది అన్నాడు. వైసన్ రెండో పేజీకి వచ్చాడు. మెషీను మీద గొంతు ఎంతుందో చూపించే ముల్లు లేవలేదు. చావు కబుర్లు చదివినాయన వాకిట్లో నిలబడి సానుభూతిగా తలూపుతున్నాడు. వైసన్ కుర్చీలోంచి లేచి, పుస్తకం మూసి, చొక్కా సర్దుకున్నాడు. ఇంటికెళ్ళే దారి పొలాల వెనకనుంచి ఎంత దూరమో లెక్క వేసుకుంటున్నట్టు ఫలేసికి అనిపించింది.

"ఇటియ్యి," అంది ఆమె, పుస్తకం కోసం చెయ్యి చాపి. "ఊళ్ళో వాళ్ళకి నా గొంతు కొత్తేం కాదు. మందాసి మందాసి అని రోజూ వింటూనే ఉన్నారు."

ఆమె చదివింది. ముల్లు అటు చివరిదాకా పోయి అక్కడే ఉండిపోయింది. కుర్రాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వైసన్ అద్దం అవతల నిలబడి విన్నాడు. మొదట ఆయనకి కోపం వచ్చింది. ఆమె ఉన్నది ఉన్నట్టు చదవడం లేదు. "ప్రకృతిమాత మహత్తర శిల్పచాతుర్యం" అన్న చోట మాట్లాడకుండా దాటేసింది. "అరుణారుణ కిరణాలు" ఉన్నచోట "పొద్దున్నే" అంది. చెప్పు తెచ్చిన పేజీ మాత్రం అక్షరం పొల్లుపోకుండా చదివింది. వాకిట్లో చావు కబుర్ల ఆయన నవ్వాడు. ఆ నవ్వు విన్నాక వైసన్‌కి కోపం ఎటు పోయిందో తెలియలేదు. బయటకొచ్చాక ఆ శిల్పచాతుర్యం ఎందుకు వదిలేశావని మాత్రం అడిగాడు.

"అది పిట్ట చెయ్యలేదు, నువ్వు చేశావు," అంది ఫలేసి. "పిట్ట చేసింది చదివాను."

ఆ వారం నుంచి ఆయన రాత మారింది. రాశాక ఒకసారి ఫలేసి చెవితో చదువుకుని, ఆమె దాటేసేవన్నీ ముందే కొట్టేసేవాడు. పేజీలు తగ్గాయి.

మూడో శనివారం తర్వాత జడలు అల్లే నసిబెకో కోపంగా ఇంటికి వచ్చింది. పిట్ట ఆమె కొట్టు వెనక చెత్తలోంచి జుట్టు పీచు తీసుకుపోయి గూట్లో పెట్టిందని ఆయన రాశాడు, ఫలేసి చదివింది. ఆ పిట్ట గూట్లో ఎవరి జుట్టు పడితే వాళ్ళకి బట్టతలొస్తుందని ఊళ్ళో నమ్మకం. నాలుగు రోజులుగా నసిబెకో కొట్టుకి ఒక్కరూ రాలేదు. చూసింది చూసినట్టు రాశానని వైసన్ అన్నాడు. మరి అది ఏ జుట్టో చూశావా అని ఆమె అడిగింది. ఆయన మర్నాడు చెట్టెక్కలేక, గెడకర్రకి కొక్కెం కట్టి, వేలాడుతున్న పోగు ఒకటి లాగి చూశాడు. పిడుగు పడలేదు. పోగు నైలాన్‌ది. ఆ తర్వాతి శనివారం ఫలేసి ఆ సంగతి చదివింది: జుట్టు సవరంది, బట్టతల వచ్చేదుంటే ఫ్యాక్టరీకి రావాలి. నసిబెకో కొట్టు మళ్ళీ నిండింది. ఆమె కృతజ్ఞతగా ఫలేసికి ఉచితంగా జడలు అల్లింది, వైసన్‌తో మాత్రం మాట్లాడలేదు.

ఐదో వారంలో కచులు రేవునుంచి ఒక సైకిల్ టాక్సీ అతను ఎండుచేపల బుట్టతో పాటు ఒక కబురు తెచ్చాడు. కబురు పంపింది మక్వింజా అనే జాలరి. చదువురాదు. చిల్వా సరస్సులో నలభై ఏళ్ళుగా వలలు వేస్తున్నాడు. అంతకుముందు శనివారానికి వైసన్, ఈ పక్షి బురదలో నిలబడి కాలితో కెలికి కప్పల్ని పట్టుకుంటుంది, ఎగురుతూ ఎన్నడూ వేటాడదు అని రాశాడు. మక్వింజా అడగమన్నది ఇంతే: "మాస్టారి పిట్టకి రెక్కలు లేవా?"

బజారులో అందరి ముందూ అడిగాడు సైకిలతను. జనం నవ్వారు. ఫలేసి కూడా నవ్వి, తర్వాత ఇంట్లో ఆ సంగతి చెప్పి బాధపడింది. వైసన్ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేదు. అన్నా ఆ గొంతుముందు నిలిచేవాళ్ళు కారు. నాలుగో రోజు ఆయన సెలవుచీటీ రాసి గోడౌను తలుపుకి అంటించి, సైకిలెక్కి కచులు వెళ్ళాడు. దారంతా వరిపొలాలు. మూడుచోట్ల సైకిల్ని భుజాన మోశాడు.

మక్వింజా వల కుట్టుకుంటున్నాడు. వచ్చినాయన ఎవరో చెప్పగానే పక్కన ఉన్న చెక్క చూపించి కూర్చోమన్నాడు. వైసన్ తను వచ్చిన పని చెప్పాడు. మక్వింజా చెయ్యి చెవి వెనక పెట్టుకుని, మళ్ళీ చెప్పించుకుని, అందుకే ఆడమనిషి చదువుతోందా అన్నాడు.

"గాలి లేవనీ," అన్నాడు తర్వాత. "గాలి లేనిదే అది రాదు."

రెండు గంటలు కూర్చున్నారు. మక్వింజా వల కుట్టాడు. వైసన్ వేడికి చెమట పట్టి, ఈ ముసలాయన తనని ఆటపట్టిస్తున్నాడేమోనని అనుకున్నాడు. మూడు గంటలకి జమ్ము వంగింది. అవతలి ఒడ్డునుంచి సుత్తితల పిట్ట ఒకటి వచ్చి, గాలికి ఎదురుగా, నీళ్ళకి మూరెడు పైన, రెక్కలు కొట్టుకుంటూ దాదాపు ఒకేచోట నిలిచింది. కాళ్ళు వేలాడేసి ముక్కు ముంచి తీసింది. ముక్కులో వేలంత చేప. అలా తొమ్మిదిసార్లు ముంచింది, ఐదుసార్లు దొరికింది. వైసన్ లేచి నిలబడ్డాడు. మక్వింజా తలెత్తలేదు.

"లేవా?" అన్నాడు.

"ఉన్నాయి," అన్నాడు వైసన్.

ఆ రాత ఆయన అక్కడే, చెక్కమీద కూర్చుని రాశాడు. మొదటి వాక్యం: "పోయిన వారం నేను చెప్పింది తప్పు." ఇంటికొచ్చి చూపిస్తే ఫలేసికి నచ్చలేదు. తప్పని మనమే చెప్పుకుంటే ఇంక రేపట్నుంచి ఎవరు వింటారు, నా మందాసిలో ఉప్పెక్కువైతే నేను అరిచి చెబుతానా అంది. తీసేస్తే మొత్తం తీసేయాలి, అది లేకపోతే మిగతాది రాయలేను అని ఆయన అన్నాడు. చాలాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. ఆయన మాట వినడానికి ఆమె ప్రతిసారీ దగ్గరికి రావలసి వచ్చింది, దూరంనుంచి పోట్లాడే వీలు లేకపోయింది. చివరికి ఆమె చదివింది. ఆ వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గించింది, అంతే.

తర్వాత శనివారానికి కబుర్లు నాలుగొచ్చాయి. పిండిమర ఓనరు తన పెరట్లో కందిరీగల సంగతి చెప్పి మాస్టారు చూడాలన్నాడు. ఒక ముసలమ్మ, ఫలానా వాన పిట్ట అసలు వాన తేదనీ, వాన వస్తేనే అది వస్తుందనీ, అరవై ఏళ్ళుగా చెబుతున్నా ఎవరూ వినలేదనీ కబురు పెట్టింది. వైసన్ పిండిమర దారినే వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళాడు. వాళ్ళు ఆయన పక్కన కూర్చుని చెవి ఒగ్గి విన్నారు. ఊళ్ళో పొగరు సంగతి ఎవరూ తర్వాత ఎత్తలేదు.

వానల ముందు గుడ్లగూబ వచ్చింది. పెద్దది, కనురెప్పలు గులాబిరంగువి. ఒక పొద్దున వైసన్ వచ్చేసరికి అది గూటిమీద కూర్చుని ఉంది. రెండు పిట్టలూ పక్క కొమ్మమీద. ఏడువారాల పని, ఏడెనిమిది వేల పుల్లలు, ఒక చెప్పు. అవి కాసేపు అరిచాయి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయాయి. గుడ్లగూబ అక్కడే నిద్రపోయింది. వైసన్ అంతా రాశాడు. చివర, "నేను ఏమీ చెయ్యలేదు" అని రాశాడు.

ఊరు మండిపడింది. బుకామ్వెండో ఉండేలు పట్టుకుని గోడౌనుకి వచ్చాడు. వైసన్ తలుపుకి అడ్డంగా నిలబడి, చేత్తో వద్దని చూపించి పంపేశాడు. మరుసటి వారం పిట్టలు చెరువుగట్టు మీద తుమ్మచెట్టులో కొత్త గూటికి పుల్లలు మోస్తున్నాయని ఫలేసి చదివింది. ఆదివారం పాస్టరుగారు దాన్నే ప్రసంగం చేశారు. గొంతు పోయినా కుంగిపోకుండా కొత్త గూడు కట్టుకున్న మన మాస్టారిలాగే ఆ పిట్ట కూడా అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ రోజు వైసన్ చర్చికి వచ్చాడు, వెనక వరసలో కూర్చున్నాడు. ప్రసంగం అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆయన చెవిలో, మర్యాదగానే చెప్పాడు.

"అయ్యా, ఆ పిట్టకి నా మెడ సంగతి తెలియదు. అది ఏటా రెండుమూడు గూళ్ళు కడుతుంది, ఒకటి పోయినా పోకపోయినా."

పాస్టరుగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. తర్వాత ప్రసంగంలో అది పెట్టవచ్చా అని అడిగారు.

మూడో నోటుపుస్తకం నడుస్తుండగా, సెలవుల్లో మక్వింజా ఆయన్ని తన దోనెలో జమ్ములోకి తీసుకెళ్ళాడు. ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు చదువుకున్నవాళ్ళని తీసుకెళ్ళాననీ, పిట్ట కనపడగానే వాళ్ళు అదిగో అని అరిచేవాళ్ళనీ, ఆ తర్వాత సాయంత్రం దాకా నీళ్ళే చూసేవాళ్ళనీ చెప్పాడు. మీతో ఆ బాధ లేదు అన్నాడు. అది పొగడ్తో కాదో వైసన్ కాసేపు ఆలోచించి, పొగడ్తే అనుకున్నాడు.

మక్వింజా గెడ వేస్తూ తన ధోరణిలో చేపలు తగ్గాయనీ, అల్లుడు సోమరి అనీ చెబుతున్నాడు. వైసన్ ముందు కూర్చుని రాస్తున్నాడు. జమ్ము మలుపులో పిచ్చుకకంటే చిన్నది, పసుపు గొంతుది ఒకటి కాడ పట్టుకుని వేలాడుతోంది. ఆయన ఆ పిట్టని ఎప్పుడూ చూడలేదు. మక్వింజా కూడా పేరు చెప్పలేకపోయాడు.

"ఏం రాశారు?" అన్నాడు కాసేపయ్యాక.

వైసన్ వెనక్కి వంగి, ఆయన చెవి దగ్గర చదివి వినిపించాడు. "పేరు తెలియదు. తల కిందికి పెట్టి వేలాడుతుంది. తోక వణుకుతుంది. గొంతు పసుపు, ఎండలో తెల్లగా కనిపిస్తుంది. మక్వింజాకి కూడా తెలియదు."

"ఆ చివరిది కొట్టెయ్యండి," అన్నాడు మక్వింజా. "మా ఊళ్ళో వాళ్ళు వింటారు."

వైసన్ కొట్టెయ్యలేదు. మక్వింజా కొద్దిసేపు గెడ ఆపి, సరే, అయితే మా నాన్నకి కూడా తెలియదని రాయండి అన్నాడు. ఆయన రాశాడు. పిట్ట ఇంకా అక్కడే వేలాడుతోంది. దోనె దాని పక్కనుంచి మెల్లగా జారిపోయింది.